వాలిన కనురెప్పలు, జారిన ముఖం: చికిత్సల పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్లు సగం మూసుకున్నట్టు కనిపిస్తున్నాయి. ఇది రెప్ప వాలడమేనా?

కావచ్చు, కాకపోవచ్చు. మూడు వేర్వేరు సమస్యలు బయటికి ఒకేలా కనిపిస్తాయి. మొదటిది రెప్ప అంచే కిందికి దిగడం. వైద్యులు టోసిస్ అనేది దీన్నే. రెండోదాంట్లో అంచు తన చోటే ఉంటుంది, దాని మీది చర్మం సాగి మడతపడి వెంట్రుకల మీదికి వేలాడుతుంది. మూడోదాంట్లో కనుబొమ్మ జారి, కింద ఉన్న చర్మాన్ని రెప్ప మీదికి నెడుతుంది.

అద్దం ముందు కూర్చుని నుదురు సడలించి, నేరుగా చూడండి. దూదిపుల్లతో రెప్ప మీది మడతను మెల్లగా ఎత్తండి. కింద రెప్ప అంచు కంటిపాపకు బాగా పైనే ఉంటే సమస్య చర్మానిది. మడత ఎత్తినా అంచు పాప మీదికే వాలి ఉంటే అది టోసిస్. మడతను వదిలేసి కనుబొమ్మను వేలితో పైకి పట్టుకోగానే అంతా సర్దుకుంటే బొమ్మ జారిందన్నమాట. నడివయసు దాటినవారిలో వీటిలో రెండు కలిసి ఉండటం చాలా మామూలు. ఈ తేడా పట్టించుకోకుండా చర్మం మాత్రమే కోసేస్తే, కుట్లు మానాక కూడా కన్ను నిద్రమత్తుగానే కనిపిస్తుంది. రెప్ప శస్త్రచికిత్సల మీద వచ్చే అసంతృప్తిలో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది.

రెప్ప ఎంత వాలిందో ఎలా కొలుస్తారు?

పరిశోధనలన్నిటికీ పునాది ఈ కొలతే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చిన్న టార్చి వెలుగును కంటికి ఎదురుగా పట్టుకుంటే నల్లగుడ్డు మధ్య ఒక మెరుపు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క నుంచి పైరెప్ప అంచు దాకా ఉన్న దూరాన్ని ఎంఆర్‌డీ1 అంటారు. మామూలుగా అది 4 నుంచి 5 మి.మీ. ఉంటుంది. 2 మి.మీ. లేదా అంతకన్నా తక్కువైతే చూపుకు అడ్డుపడే స్థాయి వాలుగా లెక్కిస్తారు.

రెండో కొలత రెప్పను ఎత్తే లివేటర్ కండరం బలం. కనుబొమ్మను బొటనవేలితో ఎముకకు అదిమి పట్టి, కిందికి చూడమని చెప్పి, స్కేలు సున్నాను రెప్ప అంచు దగ్గర ఉంచుతారు. తర్వాత తల కదపకుండా పైకి చూడమంటారు. రెప్ప 12 మి.మీ. పైన కదిలితే కండరం మామూలుగా ఉన్నట్టు. 8 నుంచి 12 దాకా ఫరవాలేదు. 4 లేదా అంతకన్నా తక్కువైతే ఆ కండరం మీద ఆధారపడి చికిత్స చేయడం కష్టం.

మూడోది చూపు పరిధి పరీక్ష. రెప్ప ఉన్నదున్నట్టుగా ఒకసారి, టేపుతో పైకి అంటించి మరోసారి చేస్తారు. పైచూపులో కనీసం 12 డిగ్రీలు లేదా 24 శాతం కోల్పోవడాన్ని, శస్త్రచికిత్స అందం కోసం కాక చూపు కోసం అవసరమనడానికి ఆధారంగా అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తల్మాలజీ 2011 నివేదిక చూపింది.

తప్పులు దొర్లేది ఎక్కడంటే, రెప్ప వాలినవారు తెలియకుండానే నుదురు ముడిచి కనుబొమ్మ ఎత్తుతారు. బొమ్మను అదిమి పట్టకుండా కొలిస్తే వాలు తక్కువగా తేలుతుంది. ఉదయం ఒకసారి, అలసిన సాయంత్రం మరోసారి కొలిచి పోల్చినా లెక్క చెడుతుంది.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సందర్భాలు ఏవి?

రెప్ప హఠాత్తుగా వాలి, ఆ కన్ను పాప పెద్దదైనా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, తీవ్రమైన తలనొప్పి ఉన్నా మెదడు రక్తనాళం ఉబ్బి మూడో కపాల నాడిని నొక్కుతుండవచ్చు. రెప్ప ఒకటి రెండు మి.మీ. మాత్రమే వాలి, పాప చిన్నదై, మెడ నొప్పి కూడా ఉంటే మెడలోని కెరోటిడ్ ధమని పొర చీలి ఉండవచ్చు. ముఖం ఒక పక్కకు జారడంతో పాటు చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వీటికి గంటలే లెక్క. అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలిపోతోంది. ఎందుకు?

మయస్థీనియా గ్రావిస్ ఉందేమో చూడాలి. నాడి నుంచి కండరానికి సంకేతం చేరే చోట శరీరపు సొంత ప్రతిరక్షకాలు అడ్డుపడే జబ్బు ఇది. క్లినిక్‌లో చేసే తేలికైన పరీక్ష మంచు పరీక్ష: మూసిన కన్ను మీద గుడ్డలో చుట్టిన మంచును రెండు నిమిషాలు ఉంచి, తీసిన వెంటనే కొలుస్తారు. రెప్ప 2 మి.మీ. లేదా అంతకన్నా పైకి లేస్తే అనుమానం బలపడుతుంది. చల్లదనానికి ఆ సంధి దగ్గర సంకేతాన్ని విరగ్గొట్టే ఎంజైము నెమ్మదిస్తుంది. రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఎందుకంటే జబ్బు కళ్లకే పరిమితమైన వారిలో దాదాపు సగం మందికి అది నెగెటివ్‌గానే వస్తుంది. ఈ జబ్బు గుర్తించకుండా రెప్పకు శస్త్రచికిత్స చేస్తే, ఫలితం రోజుకొక తీరుగా మారుతూనే ఉంటుంది.

చుక్కల మందుతో రెప్ప లేస్తుందంటున్నారు. నిజమేనా?

నిజమే, కొంతవరకు. ఆక్సీమెటాజొలిన్ 0.1 శాతం చుక్కలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జులైలో అనుమతినిచ్చింది. పెద్దవారిలో తర్వాత వచ్చిన వాలుకు మాత్రమే ఈ అనుమతి, పుట్టుకతో వచ్చినదానికి కాదు. రోజుకు ఒక చుక్క. ఇది లివేటర్ మీద కాక, దాని కింద ఉండే చిన్న ముల్లర్ కండరం మీద పనిచేస్తుంది. ఆ కండరం మొత్తంగా ఎత్తగలిగేదే 2 మి.మీ. దాకా కాబట్టి, మందు నుంచి అంతకుమించి ఆశించకూడదు.

ఈ మందు మీద జరిగిన రెండు యాదృచ్ఛిక పరీక్షలను (ఎవరికి ఏ చికిత్సో లాటరీలా తేల్చే పరీక్షలను) కలిపి 2020లో ప్రచురించిన విశ్లేషణ, ఇలాంటి పరిశోధనలను ఎలా చదవాలో నేర్పే మంచి పాఠం. 304 మందిలో 203 మందికి అసలు మందు, 101 మందికి మందు కలపని చుక్కలు వేశారు. ఎవరికి ఏది పడుతోందో రోగికీ తెలియదు, కొలిచేవారికీ తెలియదు. 14వ రోజు, చుక్క వేసిన రెండు గంటలకు, మందు పడినవారి ఎంఆర్‌డీ1 సగటున 1.16 మి.మీ. పెరిగింది. మందు లేని చుక్కలు పడినవారికి కూడా 0.50 మి.మీ. పెరిగింది! అంటే మందు ఘనత ఈ రెంటి మధ్య తేడా మాత్రమే, సుమారు 0.66 మి.మీ. పైచూపులో కనిపించిన చుక్కల సంఖ్య మందు గుంపులో సగటున 7.1, రెండో గుంపులో 2.4 పెరిగింది. పరీక్ష జరుగుతోందని తెలిసిన మనిషి కళ్లు కాస్త పెద్దవి చేసి చూస్తాడు, పరీక్షకు అలవాటు పడతాడు. పోల్చడానికి రెండో గుంపు లేకుండా జరిగిన ప్రతి అధ్యయనంలోనూ ఈ అర మిల్లీమీటరు చికిత్స ఖాతాలో పడిపోతుంది.

కన్ను ఎర్రబడటం, పొడిబారడం, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద చిన్న గీతలు పడటం కొద్దిమందిలో కనిపించాయి. కాంటాక్ట్ లెన్సులు తీసి చుక్క వేసి, 15 నిమిషాలు ఆగి పెట్టుకోవాలి. అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, ఇరుకు కోణం నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. ముక్కు దిబ్బడకు అమ్మే ఇదే పేరు మందును ఎప్పుడూ కంట్లో వేసుకోకండి. అది కంటి కోసం చేసింది కాదు.

శస్త్రచికిత్సల్లో ఏది మేలు?

కండరం బలం ఎంత ఉందన్నదే నిర్ణయిస్తుంది. వయసుతో వచ్చే వాలులో కండరం బాగానే ఉంటుంది. దాని చివర ఉన్న పలుచని పట్టీ సాగిపోతుంది, లేదా రెప్పలోని గట్టి పలక నుంచి విడిపోతుంది. అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి చర్మం వైపు నుంచి వెళ్లి ఆ పట్టీని ముందుకు లాగి కుట్టడం. రెండోది రెప్ప లోపలి వైపు నుంచి ముల్లర్ కండరాన్నీ దాని మీది పొరనూ కత్తిరించి కుట్టడం. పుటర్‌మన్, ఉరిస్ట్ 1975లో వివరించిన పద్ధతి ఇది. ఈ రెండోదానికి ముందు ఫినైల్‌ఎఫ్రిన్ 2.5 శాతం చుక్క వేసి, అయిదు పది నిమిషాలు ఆగి మళ్లీ కొలుస్తారు. రెప్ప బాగా లేస్తే ఈ పద్ధతి పనికొస్తుందని సంకేతం. ఎక్కువగా 8 మి.మీ. చుట్టూ కత్తిరిస్తారు.

కండరం బలం 4 మి.మీ. లోపే ఉంటే రెప్పను నుదుటి కండరానికి వేలాడదీయాలి. దీనికి సిలికాన్ కడ్డీ గానీ, తొడ నుంచి తీసిన సొంత కండర పొర గానీ వాడతారు. తర్వాత కిందికి చూసినప్పుడు రెప్ప సరిగ్గా దిగదు, నిద్రలో కన్ను కాస్త తెరిచే ఉంటుంది. కళ్లు మూసినప్పుడు గుడ్డు పైకి తిరిగే సహజ రక్షణ ఉందో లేదో ముందే చూడకపోతే కార్నియా ఎండి పుండు పడవచ్చు.

లోపలి దారి, బయటి దారి వీటిలో ఏది గొప్పదని తేల్చే పోలికలు చాలావరకు పాత రికార్డులు తిరగేసి చేసినవి. తేలికపాటి వాలు, చుక్కకు బాగా స్పందించినవారు లోపలి దారికి వెళ్తారు, కష్టమైనవారు బయటి దారికి వస్తారు. ఇక ఫలితాలు పోల్చి లోపలి దారే మేలంటే అది న్యాయమైన పోలిక కాదు. యాదృచ్ఛికంగా పంచి చేసిన పరీక్ష అని రాసి ఉంటేనే అలాంటి మాటకు విలువ.

బయటి దారిలో ఎత్తు తప్పడానికి పెద్ద కారణం మత్తుమందే. అందులో కలిపే అడ్రినలిన్ ముల్లర్ కండరాన్ని బిగించి, బల్ల మీద రెప్పను ఉన్నదానికన్నా ఎత్తుగా చూపిస్తుంది. మందు దిగాక రెప్ప కిందికి వస్తుంది. మత్తు సూది కండరంలోకి పాకితే సరిగ్గా దీనికి తిరగబడుతుంది. అందుకే మందు మోతాదు తగ్గించి, మధ్యలో రోగిని లేపి కూర్చోబెట్టి చూసి కుట్టు సర్దుతారు.

ఒక కన్ను సరిచేశాక రెండోది వాలింది. పొరపాటు జరిగిందా?

సాధారణంగా కాదు. రెండు రెప్పలకూ మెదడు ఒకే మోతాదులో సంకేతం పంపుతుంది. దీన్ని హెరింగ్ నియమం అంటారు. ఒకటి వాలినప్పుడు మెదడు రెండింటినీ గట్టిగా ఎత్తుతుంది, అలా రెండో కన్నులో దాగి ఉన్న వాలు కనిపించదు. మొదటిది బాగవగానే సంకేతం తగ్గి రెండోది బయటపడుతుంది. ఎక్కువ వాలిన రెప్పను వేలితో ఎత్తి, అవతలిది దిగుతోందో లేదో ముందే చూడటం మంచి క్లినిక్ చేసే పని.

పుట్టినప్పటి నుంచి ఉన్న వాలుకు ఎప్పుడు చికిత్స?

రెప్ప కంటిపాపను మూసేస్తుంటే ఆలస్యం చేయకూడదు. వెలుగు చేరని కన్నును మెదడు వాడటం మానేస్తుంది, ఆ నష్టం తర్వాత పూడదు. పాప కనిపిస్తుంటే కొన్నేళ్లు ఆగవచ్చు. తొడ నుంచి పొర తీయాలంటే పిల్లకు కనీసం మూడు నాలుగేళ్లు రావాలి. ఈలోపు అవసరమైతే సిలికాన్ కడ్డీతో పని నడిపిస్తారు. శస్త్రచికిత్సతో పని అయిపోయిందనుకోకండి. రెప్ప ఒత్తిడికి కార్నియా వంకర తిరిగి ఉంటే కళ్లజోడు, మంచి కన్నుకు కొంతసేపు మూత కూడా కావాలి. తల్లిదండ్రులు మానేసేది సరిగ్గా ఈ భాగమే.

నుదుటి ముడతలకు బొటులినమ్ సూది వేయించుకుంటే రెప్ప వాలింది. పోతుందా?

పోతుంది, మామూలుగా కొన్ని వారాల్లో. కనుబొమ్మల మధ్య వేసిన మందు కిందికి పాకి లివేటర్‌ను తాకడం దీనికి కారణం. ఈ మందు రకాల్లో ఒకటైన బొటాక్స్ అనుమతి పరీక్షల్లో 3 శాతం మందికి ఇలా జరిగింది. ఈలోపు అప్రాక్లోనిడిన్ చుక్కలు కొందరికి ఒక మిల్లీమీటరు మేర సాయపడతాయి. సూది వేసిన చోట రుద్దవద్దనేది ఇందుకే.

ముఖం ఎందుకు జారుతుంది?

చర్మం ఒక్కటే కారణమైతే చర్మం బిగిస్తే సరిపోయేది. ముఖంలో చర్మం కింద కొవ్వు గదులు గదులుగా ఉంటుంది, దాని కింద ఎస్ఎంఏఎస్ అనే పీచు పొర ఉంటుంది. మిట్జ్, పెరోనీ 1976లో వర్ణించిన పొర ఇది. ఎముక నుంచి చర్మం దాకా అక్కడక్కడా గట్టి తాళ్లలాంటి బంధాలున్నాయి. వయసుతో కొన్ని గదుల్లో కొవ్వు కరుగుతుంది, కంటి గుంట, దవడ ఎముకలు అరుగుతాయి, తాళ్లు పట్టున్న చోట్ల మధ్య ఉన్న కండ కిందికి దిగి దవడ అంచున చేరుతుంది. ఎండ, పొగ దీన్ని తొందరపెడతాయి. వంశం పాత్ర కూడా పెద్దది: బ్రిటన్ కవలల మీద 2014లో వచ్చిన అధ్యయనం, రెప్ప చర్మం సాగడంలో 61 శాతం వారసత్వమని లెక్కగట్టింది.

అల్ట్రాసౌండ్, రేడియో తరంగాల యంత్రాలు ముఖాన్ని ఎత్తుతాయా?

కొద్దిగా. సూక్ష్మ అల్ట్రాసౌండ్ చర్మం కింద 1.5, 3, 4.5 మి.మీ. లోతుల్లో చిన్న చిన్న బిందువులను 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిస్తుంది. అక్కడ కొల్లాజెన్ ముడుచుకుని, తర్వాత రెండు మూడు నెలల్లో కొత్తది పుడుతుంది. కనుబొమ్మ ఎత్తడానికి ఎఫ్‌డీఏ దీన్ని 2009లో అనుమతించింది. ఆ మీదట 2010లో ప్రచురితమైన అధ్యయనంలో 35 మందిలో 30 మందికి 90 రోజుల తర్వాత బొమ్మ పైకి లేచినట్టు కనిపించింది, సగటున 1.7 మి.మీ. ఫోటోలు చూసి తీర్పు చెప్పినవారికి ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియకపోవడం మెచ్చదగ్గ విషయం. అయితే చికిత్స తీసుకోని గుంపు లేదు. పైన చుక్కల మందు దగ్గర చూసిన అర మిల్లీమీటరును ఇక్కడ గుర్తు తెచ్చుకోండి.

తేలికపాటి జారుడుకు, శస్త్రచికిత్స వద్దనుకునేవారికి ఇవి పనికొస్తాయి. మెడ మీద చర్మం వేలాడుతుంటే డబ్బు వృథా అనేది మా మాట. బుగ్గలు పీక్కుపోయినవారిలో లోతైన వేడి మిగిలిన కొవ్వును కూడా కరిగించే ప్రమాదముంది. దవడ అంచున నాడి మీదుగా వెళ్తే పెదవి కొన్ని వారాలు వంకరపోవచ్చు.

దారాలతో ఎత్తడం?

కరిగే దారాలకు ముళ్లుంటాయి, అవి కణజాలాన్ని పట్టుకుని లాగుతాయి. పట్టు వదలగానే జారుడు తిరిగొస్తుంది, చాలామందిలో ఏడాది లోపే. వాపు, చర్మం గుంటలు పడటం, దారం బయటికి పొడుచుకురావడం, చీము పట్టడం దీని ఇబ్బందులు. ఏడాది దాటి గమనించిన అధ్యయనం చూపమని అడగండి.

ఫేస్‌లిఫ్ట్‌లో (జారిన ముఖాన్ని ఎత్తే శస్త్రచికిత్సలో) కొత్త పద్ధతులు పాతవాటికన్నా మెరుగా? ఎంతకాలం నిలుస్తుంది?

చర్మం మాత్రమే లాగే పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. చర్మం సాగుతుంది, మచ్చ వెడల్పవుతుంది. ఎస్ఎంఏఎస్‌ను మడిచి కుట్టడం, కొంత కోసి కుట్టడం, దాని కింద నుంచే బంధాలు విడదీసి ఒకే పొరగా ఎత్తడం నేటి పద్ధతులు. చివరిదాన్ని డీప్ ప్లేన్ అంటారు, హామ్రా 1990లో వివరించాడు. ఒకేలాంటి కవలల రెండు జంటలకు నలుగురు సర్జన్లు నాలుగు పద్ధతుల్లో చేసి పదేళ్లు గమనించిన అరుదైన పోలిక ఒకటుంది. అది ఆలోచింపజేస్తుంది గానీ, నలుగురి మీద ఏదీ రుజువు కాదు.

నిలిచే కాలం గురించి 2012లో వచ్చిన అధ్యయనం నిజాయతీగా ఉంది. ఒకే సర్జన్ చేసిన 50 మందిని సుమారు అయిదున్నరేళ్ల తర్వాత చూస్తే, 76 శాతం మంది శస్త్రచికిత్సకు ముందటికన్నా ఇంకా చిన్నగానే కనిపిస్తున్నారు. ముందుగా తిరిగి జారేవి మెడ, దవడ అంచు.

పెద్ద ప్రమాదం చర్మం కింద రక్తం చేరడం. చాలావరకు మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. మగవారిలో, రక్తపోటు అదుపులో లేనివారిలో ఎక్కువ. మత్తు దిగేటప్పుడు దగ్గు, వాంతులు రక్తపోటును ఎగదోస్తాయి. ఆ గంటలే కీలకం. ట్రనెక్సమిక్ ఆమ్లంతో రక్తస్రావం తగ్గుతున్నట్టు చిన్న పరీక్షలు చూపుతున్నాయి. ఇక పొగతాగేవారి విషయంలో లెక్క కఠినమైనది: 1984 అధ్యయనంలో, చెవి దగ్గర చర్మం చచ్చిపోయే ప్రమాదం పొగతాగనివారితో పోలిస్తే 12 రెట్లకు పైగా ఉంది. నికోటిన్ సన్నని రక్తనాళాలను మూసేస్తుంది, లేపిన చర్మానికి ఆ నాళాలే ప్రాణం. అందుకే కొన్ని వారాల ముందు నుంచే పూర్తిగా మానమంటారు. నికోటిన్ బిళ్లలు, పట్టీలు కూడా నికోటినే.

ముఖ వ్యాయామాలు, క్రీములు?

2018లో ఒక అధ్యయనంలో 27 మంది స్త్రీలు చేరారు. మొదటి 8 వారాలు రోజూ అరగంట, తర్వాత 20వ వారం దాకా రోజు విడిచి రోజు వ్యాయామం. బుగ్గలు కాస్త నిండాయి, చూసేవారి అంచనా వయసు 50.8 నుంచి 48.1కి తగ్గింది. అయితే చివరిదాకా మిగిలింది 16 మందే, పోల్చడానికి గుంపు లేదు. వ్యాయామంతో కండ పెరగొచ్చు గానీ తెగిన పట్టీ అతుక్కోదు.

క్రీముల్లో గట్టి రుజువున్నది సన్‌స్క్రీన్‌కే. ఆస్ట్రేలియాలో 903 మంది మీద నాలుగున్నరేళ్లు జరిపి 2013లో ప్రచురించిన యాదృచ్ఛిక పరీక్షలో, రోజూ రాసుకున్నవారి చర్మం ముదరడం, ఇష్టమైనప్పుడు రాసుకున్నవారికన్నా 24 శాతం తక్కువగా ఉంది.

ముఖం ఒక పక్క పడిపోయింది, కన్ను మూసుకోవడం లేదు. ఇది కూడా రెప్ప వాలడమేనా?

కాదు, దాదాపు వ్యతిరేకం. రెప్పను ఎత్తేది మూడో నాడి, మూసేది ఏడో నాడి. బెల్స్ పాల్సీలో ఏడో నాడి దెబ్బతిని కన్ను మూతపడదు, బొమ్మ, నోటి మూల జారతాయి. ఇందులో పరిశోధన స్పష్టంగా ఉంది. 2007లో వెలువడిన 551 మంది పరీక్షలో, 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి 10 రోజులు వాడినవారిలో 94.4 శాతం తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకున్నారు. వాడనివారిలో 81.6 శాతం. పక్షవాతం కాదని వైద్యుడు తేల్చాక ఆ మూడు రోజుల గడువు జారవిడవకండి. ఈలోపు కన్ను ఎండకుండా పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, టేపు.

ముందు, తర్వాత ఫోటోలను నమ్మవచ్చా?

కొలత లేని ఫోటోను నమ్మకండి. గడ్డం రెండు వేళ్ల మేర పైకెత్తితే దవడ కింది చర్మం మాయమవుతుంది. వెలుగు తల మీద నుంచి కాక ఎదురుగా పడితే ముడతలు చదునవుతాయి. నుదురు చూడండి: "తర్వాత" ఫోటోలో అడ్డగీతలు ఎక్కువుంటే మనిషి బొమ్మ ఎత్తాడు. నిజమైన పరిశోధనలో ఒకే కెమెరా, ఒకే దూరం, ఒకే వెలుగు, ఒకే తల భంగిమ ఉంటాయి, తీర్పు చెప్పేవారికి ఏది ఏదో తెలియదు.

పరిశోధనలో చేరాలనుకుంటే ఏం అడగాలి?

పరీక్ష మొదలవకముందే బహిరంగ రిజిస్ట్రీలో నమోదైందా, నమోదు సంఖ్య ఎంత? ప్రధానంగా కొలిచేది ఏమిటి, ఎన్నో వారంలో? ముందు ఒకటి చెప్పి తర్వాత మరొకటి చూపించడం అతి పాత కిటుకు. నాకు ఉత్తుత్తి చికిత్స పడితే, చివర్లో అసలుది ఇస్తారా? హాని జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు? ముఖంలో సగానికి ఒక చికిత్స, సగానికి మరొకటి అయితే రెండో సగం ఎప్పుడు సమం చేస్తారు? బొటులినమ్, ఫిల్లర్లు (ముఖం నిండుగా కనిపించడానికి చర్మం కింద నింపేవి) ఇటీవల వేయించుకుని ఉంటే దాచకండి. వాటి ప్రభావం పోయేదాకా చేర్చుకోకపోవడం మీ మేలుకే.

రెప్ప శస్త్రచికిత్స అయ్యాక ఇంట్లో ఏం గమనించాలి?

మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి పది పదిహేను నిమిషాలు చల్లని కాపడం, తల ఎత్తుగా పెట్టి పడుకోవడం, వంగి బరువులెత్తకపోవడం. ప్రతిసారీ రెండు కళ్లనూ విడివిడిగా మూసి, చూపు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. కన్ను బిగుసుకుపోయి ముందుకు ఉబ్బినా, మాత్రకు లొంగని నొప్పి ఉన్నా, చూపు మసకబారినా కాపడం పెడుతూ కూర్చోవద్దు. గుడ్డు వెనక రక్తం చేరి ఉండవచ్చు. ఇది రెప్ప శస్త్రచికిత్సల్లో సుమారు రెండు వేలలో ఒకరికి జరుగుతుంది, చూపు నాడి ఆ ఒత్తిడిని గంట రెండు గంటలకు మించి తట్టుకోలేదు. కట్టు విప్పి, దారిలోనే సర్జన్‌కు ఫోన్ చేస్తూ, దగ్గరలో ఉన్న అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ కంటి బయటి మూలను కోసి ఒత్తిడి వదిలించడం కొన్ని నిమిషాల పని.